అమ్మమ్మ తలుపేసుకున్న బారసాల

మొన్న శనివారం ఫ్లూ టీకా వేయించుకోవడానికి మా వీధి చివర డాక్టరు సర్జరీకి, అదే క్లినిక్కుకి, వెళ్ళాను. నాకు ఉబ్బసం ఉంది కాబట్టి చలికాలం మొదలయ్యేసరికి ఏటా ఫోనుకు కబురొస్తుంది. లండను పక్కన ఈ స్లౌలో శనివారం పొద్దున అంటే వెయిటింగ్ రూములో సగం కుర్చీల్లో మనవాళ్ళే. అందరం కోటు ఒక చేయి విప్పుకుని, చొక్కా చేయి పైకి మడుచుకుని, వరసగా కూర్చున్నాం.

నా ఎదురుగా ఒక తెలుగమ్మాయి, ఆమె పక్కన తోపుడుబండిలో మూడు నాలుగు నెలల పసివాడు. వాళ్ళకు రెండు కుర్చీల అవతల ఒక పెద్దావిడ. ఊరి నుంచి కొత్తగా వచ్చినట్టుంది, చీర మీద మగవాళ్ళ కోటు వేసుకుంది. పసివాడు నవ్వగానే ఆవిడ చేయి చాచింది. బుగ్గ ముట్టుకోబోయేంతలో దగ్గు వచ్చింది. చటుక్కున వెనక్కి తిరిగి, మోచేతి మడతలో దగ్గి, లేచి వెళ్ళి తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చుంది. అక్కణ్ణుంచి కళ్ళు పెద్దవి చేస్తూ, చిన్నవి చేస్తూ వాణ్ణి ఆడించింది. వాడు గది ఇవతల నుంచి కేరింతలు కొట్టాడు.

నర్సు నా పేరు రెండుసార్లు పిలవాల్సి వచ్చిందట. నేను అక్కడ లేను. ఒక చలికాలపు ఉదయం, ఒక మూసిన తలుపు ముందు, పట్టు పరికిణీతో నిలబడి ఉన్నాను.

అప్పుడు మేము ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. లండనులో, క్రోయిడన్ వెళ్ళే బస్సు దారిలో, ఆసుపత్రి వెనకాల, ఎర్ర ఇటుకల మూడంతస్తుల కట్టడం. నాన్న ఛాతీ జబ్బుల వార్డులో డాక్టరు. జీతం చిన్నది, పని పెద్దది. మెట్లెక్కుతూ ఉంటే ఒక్కో అంతస్తుకు ఒక్కో వాసన వచ్చేది. అట్టడుగున ఉడికించిన క్యాబేజీ, మధ్యలో హైదరాబాద్ ఆంటీ వాళ్ళ మసాలా, పైన మా ఇంగువ. వీటన్నిటి మీదా తడిసిన ఉన్ని కోట్ల వాసన. పొద్దున్నే గుమ్మం ముందు పాలసీసాలు ఉండేవి. వాటి వెండిరేకు మూతల్ని పిట్టలు పొడిచి మీగడ తాగేసి పోయేవి. అమ్మ వాటిని తిట్టేది తెలుగులో. పిట్టలకు ఇంగ్లీషే వచ్చు కాబట్టి అవి మళ్ళీ వచ్చేవి అని నేను నమ్మేదాన్ని.

ఆ ఏడు అమ్మకు పురుడు పోయడానికి అమ్మమ్మ గోదావరి అవతలి నుంచి విమానమెక్కి వచ్చింది. పెట్టె తెరవగానే శొంఠి, వాము, బాలింతకు పెట్టే కాయం, గుడ్డ చుట్టి మూత బిగించిన నేతి సీసా, సున్నిపిండి, అన్నీ కలిసిన వాసన ఒకటి గదంతా పరుచుకుంది. ఆ వాసన మా కర్టెన్లలో వేసవి దాకా ఉంది. అమ్మమ్మ నేత చీర మీద నాన్న పాత స్వెటరు వేసుకుని, తలకు మంకీ క్యాప్ పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, "ఈ ఊళ్ళో సూర్యుడికి ఉద్యోగం లేదేమే?" అని అడిగేది.

తమ్ముడు డాక్టర్లు చెప్పిన గడువుకు చాలా ముందే వచ్చేశాడు. కొన్ని వారాలు ఆసుపత్రిలోనే అద్దాల పెట్టెలో ఉంచారు. నన్ను లోపలికి రానివ్వలేదు. వాడు ఇంటికి వచ్చిన రోజు చూసి ఇంత చిన్న మనిషి ఉంటాడా అనుకున్నాను. నాన్న ముంజేతి మీద మొత్తం పట్టేశాడు. ఊపిరి పీలుస్తుంటే డొక్కలు లోపలికి పోయి కనిపించేవి.

ఆ సాయంత్రమే నాన్న అందరినీ కూర్చోబెట్టాడు.

"అత్తయ్యగారూ, వీడి ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదు. మా వార్డంతా ఇప్పుడు ఫ్లూ కేసులే. మనకు నాలుగు రోజుల జ్వరంతో పోయేది వీడికి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని కొన్ని పద్ధతులు పెట్టుకుందాం. మీరేమీ అనుకోకూడదు."

"పద్ధతులు లేకుండా ఏ ఇల్లుంది నాయనా, చెప్పండి," అంది అమ్మమ్మ.

బయటి నుంచి వచ్చిన వాళ్ళు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలన్నాడు నాన్న. దానికి అమ్మమ్మ నవ్వేసింది. "బయటికెళ్ళొస్తే కాళ్ళూ చేతులూ కడుక్కోవాలని మా ఇంట్లో పాకే పిల్లలకి కూడా తెలుసు." తెలియడమే కాదు, ఆవిడ బాత్‌టబ్బు అంచు పట్టుకుని ఒక్కో కాలూ లోపలికి పెట్టి ఆ మంచునీళ్ళలో కడిగేది. జారిపడుతుందని అమ్మ గుండె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

కిటికీ దగ్గర మాత్రం ఇద్దరికీ పడలేదు. గదిలో గాలి మారాలని నాన్న పొద్దున్నే కాస్త తెరిచి డ్యూటీకి వెళ్ళేవాడు. ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగగానే అమ్మమ్మ మూసేసేది. ఆయన మధ్యాహ్నం వచ్చి తెరిచేవాడు. ఆయన మొహం కడుక్కునే లోపల అది మళ్ళీ మూసుకునేది. ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకునేవాళ్ళు కాదు. చివరికి అమ్మే రాజీ చేసింది. తనూ పిల్లాడూ వంటింట్లో వెచ్చగా ఉన్నప్పుడు పడగ్గది కిటికీ తెరవాలి, వాళ్ళు పడగ్గదిలోకి వెళ్ళినప్పుడు వంటింటిది.

తుమ్మొస్తే కాగితం రుమాలు అడ్డం పెట్టుకుని, దాన్ని బుట్టలో పారేసి చేతులు కడుక్కోవాలన్నది ఇంకో గొడవ. అమ్మమ్మకు ఒక్కసారి వాడి పారేయడం మనసొప్పేది కాదు. ఒకరోజు చూద్దుం కదా, రేడియేటరు మీద కాగితం రుమాళ్ళు వరసగా ఆరేసి ఉన్నాయి. "ఉతికానులెండి," అంది నాన్నతో. నాన్న అక్కడే నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన అంతలా నవ్వగా నేను అంతకు ముందు చూడలేదు.

కానీ నవ్వులాట కానిది ఒకటుంది. పిల్లాడి మొహం మీద ఎవరూ ముద్దు పెట్టకూడదన్నాడు నాన్న. ఒంట్లో బాగాలేని వాళ్ళు, ఎవరైనా సరే, గడప దాటి లోపలికి రాకూడదన్నాడు.

"ముద్దు పెట్టుకోకపోతే మనం వాడి మనుషులమని వాడికెట్లా తెలుస్తుంది?"

"పాదాలకు పెట్టుకోండి అత్తయ్యగారూ."

"వాడేమన్నా దేవుడా, పాదాలకు పెట్టుకోవడానికి!" అమ్మమ్మ గొంతు మారింది. "చూడ్డానికి ఇంత దూరం వచ్చిన వాళ్ళని గుమ్మంలో నిలబెట్టి నీకు దగ్గుందా, నీకు జలుబుందా అని అడుగుతామా? మనుషుల్ని చూసి భయపడితే పిల్లలు పెరుగుతారా? మేము పెంచలేదూ?"

నాన్న ఏదో చెప్పబోయాడు. అమ్మ కళ్ళతోనే వద్దంది. అమ్మమ్మ లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడ రాత్రి అన్నం తినలేదు. చేతుల విషయంలో నవ్విన మనిషికి ఇక్కడ ఇంత కోపం ఎందుకొచ్చిందో మాకెవరికీ అర్థం కాలేదు.

నాన్న నాకో ఉద్యోగం ఇచ్చాడు. వచ్చినవాళ్ళు చేతులు కడుక్కున్నారో లేదో చూడాలి. నేను దాన్ని పోలీసు ఉద్యోగంగా మార్చేసుకున్నాను. బాత్రూము తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. బయటికి రాగానే "చేతులు!" అనేదాన్ని. వాసన చూస్తే తెలిసిపోయేది. సబ్బు వాసన వస్తే పాసు. లేకపోతే మళ్ళీ లోపలికి. ఒక అంకుల్ చేతులు సిగరెట్టు వాసన, ఒక ఆంటీ చేతులు ఉల్లిపాయ వాసన. చాలామంది కుళాయి కింద వేళ్ళ చివర్లు తడుపుకుని కోటుకు తుడుచుకునేవాళ్ళు. వాళ్ళను పట్టుకోవడమంటే నాకు భలే సరదా.

ఒకరోజు నాన్న పైడాక్టరు వచ్చాడు. నెరిసిన మీసాలు, గళ్ళ కోటు, తలుపు కంటే కొంచెం పొడుగు. చేతిలో పిల్లాడికి ఒక ఉన్ని టోపీ. మర్యాదగా బాత్రూములోకి వెళ్ళి వచ్చాడు. నేను స్టూలు మీద నుంచి దిగకుండానే చేతులు చూపించమన్నాను. చూపించాడు. పైపు పొగాకు వాసన గుప్పుమంది.

"సబ్బు పెట్టలేదు. మళ్ళీ వెళ్ళండి," అన్నాను ఇంగ్లీషులో.

అమ్మ మొహం పాలిపోయింది. పైడాక్టరు నా వంక చూసి, నాన్న వంక చూసి, "మా వార్డుకు ఇలాంటి మనిషి ఒకరు కావాలి," అని, కోటు విప్పి నాన్న చేతికిచ్చి, మోచేతుల దాకా చొక్కా మడిచి, ఆపరేషనుకు వెళ్ళేవాడిలా గోళ్ళ సందులు కూడా రుద్దుకుని వచ్చాడు. తరవాత పిల్లాణ్ణి ముట్టుకోకుండా, వంగి చూసి, టోపీ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

అమ్మమ్మ వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూసింది. "అంతటి దొర! నువ్వు పొమ్మంటే మారు మాట్లాడకుండా పోయాడే!" అని నా నెత్తిన చేయి వేసింది. నాన్నతో మాత్రం ఇంకా ముభావంగానే ఉండేది.

పురిటి శుద్ధికీ, ఇరవై ఒకటో రోజుకూ తమ్ముడు ఆసుపత్రిలోనే ఉన్నాడు కదా, బారసాల మూడో నెలలో చేద్దామనుకున్నారు. నాన్న ముందు వద్దన్నాడు, వేసవి దాకా ఆగుదామన్నాడు. అమ్మమ్మ ఇక్కడ ఉండాల్సిన గడువు పూర్తయి వెళ్ళిపోయే రోజు దగ్గర పడుతోంది. చివరికి కొద్దిమందినే పిలవాలని ఒప్పుకున్నాడు. అందరికీ తనే ఫోను చేసి, "ఏ కాస్త దగ్గున్నా, ఒళ్ళు వెచ్చగా ఉన్నా దయచేసి మానేయండి. మేమేమీ అనుకోం, మీరూ ఏమీ అనుకోవద్దు," అని చెప్పాడు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం అమ్మమ్మ బూరెలకు పూర్ణం కలుపుతూ ఉంది. అమ్మ పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆవిడ పక్కన నిలబడింది.

"అమ్మా, వీణ్ణి ఉయ్యాల్లో వేసేది నువ్వే."

గరిటె ఆగింది. "నేనేంటే? పిచ్చిదానా. మీ అత్తవైపు వాళ్ళెవరన్నా వేస్తారు. లేకపోతే ఆ కిందింటమ్మ ఉంది, పుణ్యస్త్రీ."

తాతయ్య పోయాక అమ్మమ్మ ఏ శుభకార్యంలోనూ ముందుకు రాలేదన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. అమ్మ పెళ్ళిలో కూడా ఆవిడ వెనకగదిలో, తలుపు సందులోంచి చూసిందట. అక్షింతలు ఎవరి చేతికో ఇచ్చి పంపిందట. ఇవన్నీ అమ్మ చాలా ఏళ్ళ తరవాత చెప్పింది.

"ఇది నా ఇల్లమ్మా," అంది అమ్మ. "నా కొడుకు. నువ్వు వేస్తేనే వేసినట్టు. నా ఆకుపచ్చ పట్టుచీర తీసిపెట్టాను, అది కట్టుకో."

అమ్మమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. పూర్ణం ఎప్పుడో దగ్గరపడింది, అయినా తిప్పుతూనే ఉంది. అడుగంటి మాడు వాసన వచ్చాక అమ్మే స్టవ్ ఆపింది. ఆ మాడిన పూర్ణం నేనూ అమ్మా గిన్నె నాకి మరీ తిన్నాం.

ఆ తరవాత రోజుల్లో అమ్మమ్మ మనిషే మారిపోయింది. నాలుగైదు సార్లు ఆ పట్టుచీర మడత విప్పి, మళ్ళీ మడిచి పెట్టడం చూశాను. దానికి నాఫ్తలీన్ ఉండల వాసన. ఉయ్యాల దగ్గర పాడాల్సిన పాటలు అంట్లు తోముతూ గొణుక్కునేది. ఇంగ్లండు ఇంటి కప్పుకు ఉయ్యాల కట్టడానికి కొక్కెం ఉండదు కాబట్టి నాన్న ఆసుపత్రి నుంచి కటకటాల మంచం ఒకటి అరువు తెచ్చాడు. అమ్మమ్మ దానికి రంగు కాగితాలు చుట్టి, నలుగురికీ చూపించుకునేంత అందంగా తయారు చేసింది.

బారసాల రోజు పొద్దున కిటికీ అద్దాల మీద మంచు గడ్డకట్టి ఉంది. హైదరాబాద్ ఆంటీ అప్పటికే మా వంటింట్లోకి వచ్చి నూనె పెట్టేసింది. గారెల వాసనకు లేచాను. అమ్మ తలంటు పోసుకుని, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అమ్మమ్మ కనిపించలేదు. వంటింటి పక్కన ఆవిడ చిన్నగది తలుపు వేసి ఉంది.

"అమ్మా, లేవలేదా? వాళ్ళు వచ్చేస్తారు."

"మీరు కానివ్వండే. నేను రాను," అంది లోపలి నుంచి అమ్మమ్మ.

అమ్మ తలుపు తోసింది. లోపల గడియ పెట్టి ఉంది.

"ఏమైంది వదినా? పెద్దమ్మ బయటికి వస్తలేరేంది?" అని గరిటె పట్టుకునే వచ్చింది ఆంటీ. అమ్మ మొహం చూసి గొంతు తగ్గించింది. "మనసుల పెట్టుకున్నట్టుంది. పాతకాలపు మనిషి కదా. ఎవరేమనుకుంటరో అని జంకుతుండొచ్చు. నేను చెప్పనా?"

అమ్మకూ అదే అనుమానం. రెండు చేతులూ తలుపుకు ఆనించి, "అమ్మా, నాకు కోపం తెప్పించకు," అంది. "నా పెళ్ళిలో నువ్వు వెనకగదిలో కూర్చుంటే నేనేమీ అనలేకపోయాను. నాకప్పుడు నోరు లేదు. ఇప్పుడుంది. ఎవరైనా ఒక్క మాటంటే నేనే పంపేస్తాను. తలుపు తియ్యి. పట్టుచీర కట్టుకుని బయటికి రా."

నేను పరికిణీ కుచ్చెళ్ళు పట్టుకుని అమ్మ వెనక నిలబడి ఉన్నాను. తరవాత తలుపుకు దగ్గరగా, బొంగురుగా వినిపించింది.

"అది కాదే పిచ్చిదానా. చీర కట్టుకున్నాను. తెల్లారకముందే లేచి కట్టుకున్నాను. కట్టుకుని బొత్తిగా నిలబడలేకపోయాను. ఒళ్ళు కాలిపోతోంది. గొంతులో ముళ్ళు. నువ్వు తలుపు దగ్గర నిలబడకు, పాలిచ్చే దానివి. వెళ్ళు. పిల్లాణ్ణి ఈ పక్కకు తేవద్దు."

అమ్మ చేతులు తలుపు మీద నుంచి జారిపోయాయి.

నాన్న ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచిన ఆ క్షణంలో చూశాను. ఆకుపచ్చ పట్టుచీరలో అమ్మమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, నన్ను చూడగానే మొహం గోడ వైపు తిప్పుకుంది. నాన్న బయటికి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. "ఫ్లూ లాగే ఉంది. ఎవరినీ రావద్దని చెప్పాలి," అన్నాడు.

"పేరుకి వేరేవాళ్ళ చేత వేయిస్తే..." అని ఆంటీ ఏదో అనబోయింది.

"మా అమ్మ వేసేదాకా ఉయ్యాల లేదు," అంది అమ్మ. కళ్ళు తుడుచుకోలేదు, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

అప్పుడు హైదరాబాద్ ఆంటీ చేసిన పని నేను మర్చిపోలేను. స్టవ్ ఆపి, చేతులు కడుక్కుని, "అయితే పద, నువ్వూ బాబూ మా ఇంటికి రండి. మా ఆయన ఇప్పుడే బయటి నుంచి వచ్చిండు, కోటు ఇంకా తియ్యలే, అట్లనే పోయి దోస్తుల ఇంట్ల ఉంటడు. నువ్వు నా దగ్గరుండు, పెద్దమ్మ తేరుకునేదాకా," అంది. అరగంటలో అమ్మ, తమ్ముడు, రంగు కాగితాల మంచం, అన్నీ కింది అంతస్తుకు వెళ్ళిపోయాయి. నేను ఎప్పుడూ అమ్మమ్మ ఒళ్ళోనే ఉండేదాన్ని కాబట్టి నన్ను నాన్న దగ్గరే ఉంచేశారు. వచ్చిన అతిథులు కొందరు మెట్ల దగ్గరే సంగతి విని, నిలబడిన చోటు నుంచే ఆశీర్వదించి వెనక్కి వెళ్ళారు.

అమ్మ కింద, నేను పైన. పెరట్లోకి వెళ్ళి నిలబడితే కింది కిటికీలోంచి అమ్మ తమ్ముడి చేయి పట్టుకుని ఊపేది. నేనూ ఊపేదాన్ని. తరవాత పైకి వచ్చి అమ్మమ్మ తలుపు అవతల నేల మీద కూర్చునేదాన్ని. తలుపు తీయకూడదు, తట్టొచ్చు. నేను తడితే ఆవిడ లోపలి నుంచి తట్టేది. మొదటి రోజు కథ కూడా చెప్పింది. రెండో రోజు ఒట్టి దగ్గే వినిపించింది.

నాకు లోపలికి పోవాలని ఉండేది. జ్వరమొస్తే నన్ను కూడా ఆ గదిలోనే పడుకోబెడతారని నా లెక్క. నాన్న థర్మామీటరు నోట్లో పెట్టి పక్కకు వెళ్ళగానే దాన్ని వేడి పాలగ్లాసులో ముంచాను. ఆయన వచ్చి చూసి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూశాడు. "అమ్మాయ్, ఇంత వేడితో మనిషి బతకడు. మీగడ కూడా అంటింది," అన్నాడు. ఆయన నవ్వలేదు కానీ కోప్పడలేదు. నన్ను దగ్గరకు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం, ఇక్కడి చలికాలంలో నాలుగు గంటలకే చీకటి పడుతుంది కదా, దీపాలు వేసే వేళ, నాన్న అమ్మమ్మకు మందు ఇవ్వడానికి వెళ్ళాడు. తలుపు ఓరగా ఉంది. నేను బయట గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"పిల్లాడు?" అంది అమ్మమ్మ.

"బాగున్నాడు. జ్వరం లేదు. పాలు తాగుతున్నాడు."

"నిజమే చెప్తున్నారా?"

"నిజమే అత్తయ్యగారూ."

మందు మింగిన తరవాత మెల్లగా మొదలుపెట్టింది. "మీ ఆవిడ కంటే ముందు నాకో పిల్లాడు. తెలుసో తెలీదో మీకు. బొద్దుగా ఉండేవాడు. చలిరోజులు. చూడ్డానికి ఊళ్ళోవాళ్ళంతా వచ్చారు. ఒకరి చేతుల్లోంచి ఒకరు తీసుకుని ముద్దాడారు. నాకెంత గర్వమో. వారం తిరక్కుండా జ్వరం, ఎగశ్వాస. పోయాడు. దిష్టి తగిలిందన్నారు. నేనూ అదే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

నాన్న మంచం పక్కకు కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"మీరు ముద్దు పెట్టుకోవద్దన్న రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకో మీకు తెలీదు. మీ మాట నిజమైతే, వాణ్ణి అందరి చేతుల్లోనూ పెట్టింది నేనేగా? అందరూ ప్రేమతోనే ముద్దాడారు నాయనా. ఒక్కళ్ళ మనసులో కూడా చెడ్డ లేదు. అది నేనెట్లా ఒప్పుకోను?"

"అత్తయ్యగారూ," అన్నాడు నాన్న. ఆయన గొంతు నేనెప్పుడూ విననంత మెత్తగా ఉంది. "వాడికి ఏం వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఒకవేళ అదే అయినా అప్పుడు మీకు చెప్పేవాళ్ళు లేరు. ఇంత చదివి, ఊళ్ళోవాళ్ళందరికీ టీకా రాసే నేను మీరు రాగానే మీకు వేయించాలని గుర్తుపెట్టుకోలేదు. నన్నేమంటారు?"

"మిమ్మల్నేమంటాను. క్షణం తీరిక లేని మనిషి మీరు," అంది అమ్మమ్మ. "పొద్దున చీర కట్టుకుని గడియ మీద చేయి వేశాను. ఈ ఒక్కపూటకి ఏమవుతుందిలే, ఎత్తుకుని ఉయ్యాల్లో వేసి వచ్చేద్దాం అనుకున్నాను. నా చిన్నవాడు కళ్ళ ముందుకొచ్చాడు. చేయి వెనక్కి తీసేసుకున్నాను."

మర్నాడు ఆవిడకు ఊపిరి అందలేదు. నాన్నా, కింది అంకులూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించారు. కింది అంతస్తు తలుపు ముందు వాళ్ళు ఒక్క క్షణం ఆగారు. తలుపు అవతల అమ్మ ఉందని అందరికీ తెలుసు. అమ్మమ్మ గుడ్డలోంచి, "నేనొచ్చేస్తానే. ఏడవకు, పాలు తగ్గుతాయి," అంది. తలుపు అవతల నుంచి రెండుసార్లు తట్టిన చప్పుడు వచ్చింది.

న్యుమోనియా అన్నారు. పైపు పొగాకు వాసన పైడాక్టరే స్వయంగా చూశాడు. ఈలోగా నాకు నిజంగానే జ్వరమొచ్చింది, నాన్నకూ వచ్చింది. ఇద్దరం పైన తలుపులేసుకుని, ఆంటీ గుమ్మం ముందు పెట్టి వెళ్ళిన మిరియాల చారు తాగుతూ పడి ఉన్నాం. ఆ చారు ఘాటుకు ముక్కూ కళ్ళూ కలిసి కారేవి. ఎవరి గ్లాసు వాళ్ళదే. నాన్న నా కాగితం రుమాళ్ళు బుట్టలో పడ్డాయో లేదో దుప్పటిలోంచే తల తిప్పి చూసేవాడు. మేము లేచి తిరిగే వేళకు అమ్మమ్మకు ప్రాణవాయువు గొట్టం తీసేశారు. తమ్ముడికి ఏమీ కాలేదు. ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు.

ఆవిడ ఇంటికి వచ్చేసరికి సగం మనిషి అయింది. నాన్న ఆవిడ తిరుగు టికెట్టు వాయిదా వేయించాడు. చలి తగ్గి, క్వార్టర్స్ ముందు గడ్డిలో పసుప్పచ్చ పూలు లేచిన రోజుల్లో బారసాల చేశాం. ఈసారి కిటికీలు అన్నీ బార్లా తెరిచింది అమ్మమ్మే. హైదరాబాద్ ఆంటీ ఆవిడ చేయి పట్టుకుని, పిలిచిన వాళ్ళందరి మధ్య నుంచి ముందుకు నడిపించుకొచ్చింది. "జరగండి, జరగండి, పెద్దమ్మకు దారి ఇయ్యండి," అంటూ. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. అనుకున్నారేమో తెలియదు. అనుకున్నా అమ్మ మొహం చూసి నోరు మెదిపే ధైర్యం ఎవరికీ ఉండి ఉండదు.

తరవాత వారమే అమ్మమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ దేశం రాలేదు. ఊళ్ళో ఎవరింట పురుడైనా ముందు వెళ్ళి గుమ్మంలో కూర్చునేదట, వచ్చినవాళ్ళ దగ్గు జలుబు అడిగి మరీ పంపేదట. ముసలిదానికి లండను వెళ్ళొచ్చాక పొగరెక్కిందని కొందరు అనుకునేవాళ్ళట. ఆ మాట విని ఆవిడ చాలా సంతోషించిందని అమ్మ చెప్పేది.

క్వార్టర్స్ ఎప్పుడో కొట్టేశారు. ఆ చోట అద్దాల బాల్కనీల ఫ్లాట్లు లేచాయి. మెట్ల మీద ఇప్పుడు ఏ వాసనా ఉండదు. హైదరాబాద్ ఆంటీ లేదు. నాన్న లేడు. తమ్ముడికి నడినెత్తిన జుట్టు పోయింది. నాకు దగ్గర్లోనే, బ్రాక్‌నెల్‌లో ఉంటాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

టీకా వేయించుకుని అటు నుంచి అటే వాడింటికి వెళ్ళాను. భుజం నొప్పిగా ఉందంటే టీ పెట్టిచ్చాడు. మాటల్లో అమ్మమ్మ సంగతి వచ్చింది. వాడు లోపలికి వెళ్ళి బారసాల ఫోటో తెచ్చాడు. వాడి దగ్గర ఆవిడది అదొక్కటే ఉంది. ఫోటో తీసింది నాన్న, ఎప్పట్లాగే సమయం చూసుకోకుండా నొక్కేశాడు. వాణ్ణి పడుకోబెడుతూ అమ్మమ్మ కటకటాల మంచంలోకి పూర్తిగా వంగి ఉంది. మొహం కనిపించదు. నెరిసిన ముడి, ఆకుపచ్చ వీపు, అంతే.

"ఆవిడ మొహం ఎలా ఉండేది అక్కా?" అన్నాడు ఇంగ్లీషులో.

చెప్పడానికి ప్రయత్నించాను. ముక్కు అమ్మది, నవ్వు ఎవరిదీ కాదు అన్నాను. వాడు వింటూనే ఫోటో వంక చూస్తున్నాడు.

"చాలా హ్యాపీగా ఉంది," అన్నాడు.

"మొహమే కనబడకపోతే నీకెట్లా తెలిసింది?"

వాడు వేలు పెట్టి ఫోటో కింది అంచు చూపించాడు. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా అక్కడ చూడలేదు. కటకటాలు ఎత్తుగా ఉన్నాయి, ఆవిడ పొట్టిది. పట్టుచీర అంచు కింద ఆవిడ రెండు మడమలూ నేలకు అంటకుండా పైకి లేచి ఉన్నాయి.